ఇంట్లో మొక్కలు పెంచితే నిజంగా మేలు ఉందా?

ఇంట్లో మొక్కలు పెడితే గాలి శుభ్రపడుతుందన్న మాట నిజమేనా, పడకగదిలో ఉంచితే రాత్రి ప్రమాదమా అని అడిగారు. పదకొండేళ్లుగా ఇంట్లో కుండీలు పెంచుతున్నాను. మొదలుపెట్టింది గాలి కోసమే. ఇన్నేళ్లూ కొనసాగించడానికి కారణం మాత్రం అది కాదు.

ముందు గాలి సంగతి. ఈ మాటకు మూలం 1989లో నాసా కోసం బిల్ వోల్వర్టన్ బృందం చేసిన ప్రయోగం. గాలి చొరబడని చిన్న పారదర్శక ప్లాస్టిక్ గదుల్లో మొక్కలు ఉంచి, బెంజీన్ వంటి రసాయనాల ఆవిరి పంపితే ఒక రోజులో దాని మోతాదు బాగా తగ్గింది. ప్రయోగంలో తప్పు లేదు. మన ఇల్లే అలాంటి మూసిన పెట్టె కాదు. కిటికీల్లోంచి, తలుపు సందుల్లోంచి గాలి మారుతూనే ఉంటుంది. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి పాత ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి లెక్క కట్టారు. భవనాల్లో మామూలుగా జరిగే గాలి మార్పిడి చేసే పనిని మొక్కలతో చేయించాలంటే ప్రతి చదరపు మీటరు నేలకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. పది చొప్పున పెట్టినా గదిలో మనిషి మసలడానికి చోటుండదు. కాబట్టి గాలి కోసమైతే కిటికీ తెరవండి. ముఖ్యంగా ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే మొక్కలను నమ్ముకుని మందులను నిర్లక్ష్యం చేయకండి.

పడకగదిలో నిశ్చింతగా పెట్టుకోవచ్చు. మొక్కలు రాత్రి కార్బన్ డయాక్సైడ్ వదిలే మాట నిజమే కానీ, పక్కన నిద్రపోతున్న మనిషి వదిలేదానితో పోలిస్తే అది చాలా తక్కువ. స్నేక్ ప్లాంట్ రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుందని కూడా చెబుతుంటారు. నీరు ఆవిరై పోకుండా ఆ మొక్క తన పత్రరంధ్రాలను రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను దాచుకుంటుంది, అంతే. ఆక్సిజన్ తయారు కావడానికి వెలుతురు కావాలి. అది పగటి పని.

ఇక నేను చూసిన మేలు గురించి చెబుతాను. అమ్మ పోయిన తర్వాత నాన్న మా ఇంటికి వచ్చారు. పొద్దున్నే కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవారు, పిలిస్తే భోజనానికి లేచేవారు. అడిగినదానికి జవాబు తప్ప మాట లేదు. మూడు నెలలు అలాగే గడిచాయి. ఒకసారి నేను పది రోజులు ఊరు వెళ్లవలసి వచ్చి, కిటికీలో ఉన్న మనీ ప్లాంట్‌ను చూసుకోమని ఆయనకు అప్పగించాను. మట్టిలో వేలు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయమన్నాను. తిరిగి వచ్చి చెప్పులు విప్పుతుండగానే, “ఆ తీగ కొన వెలుతురు వైపు తిరిగింది, చూశావా?” అన్నారు. అన్ని రోజుల్లో ఆయనంతట ఆయన మాట మొదలుపెట్టడం అదే మొదటిసారి.

తర్వాత కణుపు కింద కత్తిరించి ఒక కొమ్మను గాజు గ్లాసులో నీళ్లలో పెట్టారు. రెండు వారాలకు తెల్లని వేరు కనిపించింది. ఏ రోజు వేరు వచ్చిందో, ఏ రోజు కొత్త ఆకు విప్పుకుందో పాత నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలైంది. మొక్క ఆయన దుఃఖాన్ని తీర్చిందని నేను అనను. లేవగానే వెళ్లి చూడవలసింది ఒకటి ఆయనకు దొరికింది.

ఆ తర్వాత నేనొక తప్పు చేశాను. ఆయన నడుము వంచి శ్రమపడుతున్నారని, నేనే తెల్లవారుజామున అన్ని కుండీలకూ నీళ్లు పోయసాగాను. ప్రేమతోనే చేశాను. కొన్ని వారాలకే నోటుపుస్తకంలో రాతలు ఆగిపోయాయి. కారణం నాకు తట్టడానికి చాలా రోజులు పట్టింది. కుండీలను ఆయనకు అందే ఎత్తున బల్ల మీదికి మార్చి, మళ్లీ ఆయనకే వదిలేశాక గానీ పుస్తకం తెరవలేదు.

ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1976లో ప్రచురించిన అధ్యయనం గురించి చదివినప్పుడు నాకు ఇదే గుర్తుకొచ్చింది. ఒక వృద్ధాశ్రమంలో కొందరికి మొక్కను ఎంచుకుని తామే పెంచుకోమన్నారు. మరికొందరికి మొక్క ఇచ్చి, నీళ్లు సిబ్బందే పోస్తారన్నారు. మూడు వారాలకు మొదటి బృందం మరింత చురుగ్గా, సంతోషంగా కనిపించింది. గది సర్దుకోవడం వంటి నిర్ణయాలు కూడా వారికే వదిలారు కాబట్టి ఘనత మొత్తం మొక్కది కాదు. అయినా రెండు బృందాల దగ్గరా మొక్క ఉందన్నది నాకు ముఖ్యంగా తోచింది. అందుకే పెద్దవారికి మొక్క ఇచ్చేటప్పుడు దాని బాధ్యత కూడా ఇవ్వండి. వారి చేతిలో ఒకటి ఎండిపోయినా ఫరవాలేదు.

కొత్తగా మొదలుపెట్టేవారు ఒక్క కుండీతో ఆరంభించండి. ఇంట్లో మొక్కలు చావడానికి ఎక్కువగా కారణం నీళ్లు చాలకపోవడం కాదు, ఎక్కువవడం. వేళ్లకూ గాలి కావాలి. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే కుళ్లిపోతాయి. కుండీ అడుగున రంధ్రం లేకపోతే ఎంత జాగ్రత్తా పనిచేయదు. కిటికీ నుంచి దూరం జరిగేకొద్దీ వెలుతురు మనం అనుకునేదానికంటే వేగంగా తగ్గిపోతుంది, కాబట్టి గది మూలకంటే కిటికీ దగ్గరే మేలు.

పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉంటే ఒక హెచ్చరిక. మనీ ప్లాంట్, డీఫెన్‌బాకియా ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, నమిలితే నోరు మండి వాస్తుంది. లిలియం జాతి లిల్లీలు పిల్లుల మూత్రపిండాలను దెబ్బతీసి ప్రాణం తీయగలవు. పిల్లి ఉన్న ఇంట్లోకి అసలు తేవద్దు. స్పైడర్ ప్లాంట్‌తో ఆ భయం లేదు.

మీ కిటికీలోకి ఎండ ఏ వేళ వస్తుందో, మొక్కను రోజూ చూసుకునేది ఎవరో రాయండి. దాన్నిబట్టి ఏ మొక్క సరిపోతుందో చెబుతాను.