రెండుసార్లు గర్భం నిలవలేదు, మళ్లీ ప్రయత్నించే ముందు ఏం చూడాలి?

రెండుసార్లు అబార్షన్ అయింది, బరువులెత్తడం వల్లేనా అని అడిగారు. కాదమ్మా. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగం పిండంలోని క్రోమోజోముల తేడా వల్లే పోతాయి. ఇందులో మీ తప్పేమీ లేదు. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి.

రెండుసార్లు పోయింది కాబట్టి పరీక్షలు చేయించుకోవచ్చు. తప్పకుండా అడగాల్సింది యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్ష. ఇవి ఉంటే రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, మాయ సరిగా ఎదగదు. అయితే ఒక్కసారి పాజిటివ్ వస్తే సరిపోదు. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కూడా ఇవి కొన్నాళ్లు కనబడొచ్చు కాబట్టి కనీసం 12 వారాలు ఆగి మళ్లీ చేయాలి. అప్పుడూ ఉంటే, గర్భం వచ్చాక తక్కువ మోతాదు ఆస్పిరిన్, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. వీటితో చాలామందికి బిడ్డ దక్కుతుంది. కానీ జబ్బు తేలకుండానే ముందుజాగ్రత్త పేరుతో రోజూ హెపారిన్ ఇవ్వడం నాకు సరైనదనిపించదు. కారణం తెలియని కేసుల్లో దానివల్ల లాభం ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదు.

థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. గర్భసంచిలో అడ్డుపొర ఉందేమో 3డి స్కాన్‌లో తెలుస్తుంది. అవసరమైతే భార్యాభర్తలిద్దరికీ క్యారియోటైప్ (క్రోమోజోములను చూసే) పరీక్ష చేస్తారు. ఈసారి గర్భం తొలి వారాల్లో రక్తం కనబడితే వెంటనే డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి. ఇదివరకు గర్భం పోయినవాళ్లకు అప్పుడు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ మందు ఉపయోగపడొచ్చు. నెలల తరబడి మంచం మీదే ఉండాల్సిన పనిలేదు, దానివల్ల గర్భం నిలుస్తుందనడానికి ఆధారం లేదు.

సుమారు సగం జంటల్లో ఏ కారణమూ దొరకదు. రిపోర్టులన్నీ నార్మల్ అని వస్తే టెన్షన్ పడకండి. అలాంటి వాళ్లలో ఎక్కువమందికి ప్రత్యేక చికిత్స లేకుండానే తర్వాతి గర్భం నిలుస్తుంది.