అమ్మానాన్నలతో అలాస్కా: పెద్ద ఓడా, చిన్న ఓడా?

ప్రశ్న: మా అబ్బాయి సియాటిల్‌లో ఉంటాడు. జూన్‌లో మేమిద్దరం వెళ్తున్నాం, అమెరికా విజిటర్ వీసా ఉంది. అలాస్కాకి మూడు నాలుగు వేల మంది ఎక్కే పెద్ద ఓడలో టికెట్లు తీస్తానంటున్నాడు. 70, 80 మందితో వెళ్లే చిన్న ఓడలు కూడా ఉన్నాయని విన్నాను, ధర మాత్రం రెండు మూడు రెట్లు! అంత తేడా దేనికండీ? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు వీసా సంగతి చెప్తాను, ఎందుకంటే చాలామంది దెబ్బతినేది అక్కడే. పెద్ద ఓడలు దాదాపు అన్నీ వేరే దేశాల జెండా మీద నడుస్తాయి. 1886 నాటి ఒక అమెరికా చట్టం ప్రకారం అలాంటి ఓడ అమెరికాలో ఎక్కించుకుని మధ్యలో ఏ పరాయి రేవూ తాకకుండా మళ్లీ అమెరికాలోనే దింపకూడదు. అందుకే సియాటిల్ నుంచి బయల్దేరే ఓడ కూడా కెనడాలోని విక్టోరియాలో ఓ సాయంత్రం ఆగుతుంది. మీరు అక్కడ దిగకపోయినా సరే, భారత పాస్‌పోర్టుకి కెనడా వీసా ఉండాలి. మాకు తెలిసిన ఒకాయన అత్తమామల్ని ఇలాగే చెక్-ఇన్ దగ్గర ఆపేశారు, టికెట్ అమ్మిన ఏజెంటు ముందు ఒక్క ముక్క చెప్తే కదా! అలాస్కాలోనే జూనోలో ఎక్కి జూనోలోనో సిట్కాలోనో దిగే చిన్న ఓడలు అమెరికా జెండావి, కెనడా గొడవే లేదు. అయితే చిన్న ఓడల్లోనూ కొన్ని వాంకూవర్ నుంచి బయల్దేరతాయి కాబట్టి డబ్బు కట్టే ముందు రేవుల పేర్లన్నీ ఒకసారి చదువుకోండి. ఇంకో మాట, జూనో ఆ రాష్ట్ర రాజధానే అయినా బయటి నుంచి దానికి రోడ్డు లేదు, విమానమో ఓడో తప్ప. సియాటిల్ నుంచి విమానంలో రెండున్నర గంటలు.

ఇక తేడా. పోయిన జూన్‌లో నేను, మా ఆయన, మా అత్తగారు అలాంటి చిన్న ఓడలో వారం రోజులు తిరిగాం. గది మన రైలు ఏసీ ఫస్ట్ క్లాస్ కూపే కంటే కాస్త పెద్దది, అంతే. స్విమ్మింగ్ పూల్ లేదు, షోలు లేవు, లిఫ్ట్ కూడా లేదు. మీరు డబ్బు కట్టేది గదికి కాదు, ఆగడానికి. తిమింగలం కనిపిస్తే కెప్టెన్ ఇంజిన్ ఆపేసి గంటసేపైనా ఉంటాడు, భోజనం బెల్లు కొట్టినా ఎవరూ లోపలికి కదలరు. ఫ్రెడరిక్ సౌండ్ అనే సముద్రపాయలో హంప్‌బ్యాక్ తిమింగలాలు ఏడెనిమిది కలిసి నీటి అడుగున గుండ్రంగా బుడగలు వదిలి, ఆ బుడగల వలలో హెర్రింగ్ చేపల్ని బిగించి, అన్నీ ఒక్కసారే నోళ్లు తెరుచుకుని పైకి లేచాయి. పక్కన ఎవరో ఏడుస్తున్నారు, చూస్తే మా ఆయనే.

ఓ ఫియర్డ్ లోపలికి కూడా వెళ్లాం. గ్లేసియర్ (హిమానీనదం) వేల ఏళ్లు కొండల్ని గీరుకుంటూ దిగి తొలిచిన లోయలోకి, మంచు వెనక్కి తగ్గాక సముద్రం వచ్చి చేరితే అదే ఫియర్డ్. జూనోకి దక్షిణంగా ఉన్న ఎండికాట్ ఆర్మ్ అలాంటిదే, పొడవు 50 కిలోమీటర్ల దాకా ఉంటుంది, చివర్న డాస్ గ్లేసియర్. ఓడ దూరంగా ఆగింది, మమ్మల్ని పది మంది చొప్పున రబ్బరు పడవల్లో దింపారు. జోడియాక్ అంటారు వాటిని. గైడమ్మాయి మోటారు ఆపేసి, ఎవరూ మాట్లాడకండి అంది. చుట్టూ తేలుతున్న మంచుముక్కల్లోంచి చిటపటమని సన్నటి చప్పుడు. ఎప్పుడో మంచులో చిక్కుకుపోయిన గాలిబుడగలు ఇప్పుడు కరిగి పగులుతున్నాయట. "పోపులో ఆవాలు వేసినట్టుందే" అంది మా అత్తగారు. ఆ తర్వాత నాకు వేరే పోలిక తట్టనే లేదు. అంతలో ఎదురుగా నీలం గోడలోంచి ఓ పెద్ద ముక్క జారింది, కళ్లకు కనపడ్డాక రెండు సెకన్లకి గానీ ఉరుము లాంటి శబ్దం మా దాకా రాలేదు. (నీలం ఎందుకంటే, బరువుకి నలిగి నలిగి గాలి పోయి గట్టిపడిన మంచు వెలుగులో ఎరుపును మింగేస్తుంది, మనకు మిగిలేది నీలం.)

పెద్ద ఓడ పనికిరాదని కాదు. మోకాళ్లు బాగా నొప్పులుంటే, మెట్లు ఎక్కలేకపోతే, అదే సుఖం. ఆ ఓడల్లో డాక్టరు ఉంటారు, చిన్నవాటిలో తరచూ ఉండరు. అందుకని అక్కణ్నుంచి ఆస్పత్రికి తరలించే ఖర్చు కూడా భరించే ఇన్సూరెన్స్ తప్పక తీసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి 72. రబ్బరు పడవ ఎక్కగలరా? శుద్ధ శాకాహారి, అక్కడ తిండికి ఏం చేశారు? (నిజామాబాద్)

జవాబు: ఇంట్లో మెట్లు పట్టుకోకుండా దిగగలిగితే ఎక్కగలరు. పడవలోని మనిషి, మనం ఒకరి ముంజేయి ఒకరం పట్టుకోవాలి, అరచేయి కాదు, తడి చేతులు జారతాయి. పడవ అంచు మీద కూర్చుని లోపలికి జరగడమే. మా అత్తగారు చుడీదార్ మీద వానకోటు, వాన ప్యాంటు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, తలకి మంకీ క్యాప్. ఫోటోల్లో ఎలా ఉంటామోనని ఆలోచించకండి, గ్లేసియర్ మీంచి వచ్చే గాలికి మంకీ క్యాప్‌ని మించింది లేదు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. గొడుగు అసలే వద్దు.

తిండి గురించి బుకింగ్ అప్పుడే రాసివ్వండి, గుడ్డు కూడా తినరని విడిగా చెప్పండి, వాళ్ల లెక్కలో గుడ్డు శాకాహారమే. మూడో రోజుకి వంటాయన మా కోసం పప్పు వండాడు, ఉప్పు తక్కువే గానీ మనసున్న మనిషి. కారప్పొడి సీసా తీసుకెళ్లండి, ఓడలోనే ఉంచండి. మా అత్తగారు ఒడ్డు మీద నడకకి జేబులో జంతికలు వేసుకొస్తే గైడ్ నవ్వుతూనే వెనక్కి పెట్టించింది, అవి ఎలుగుబంట్లు తిరిగే చోట్లు.

ప్రశ్న: ట్రేసీ ఆర్మ్‌లో సునామీ వచ్చిందట కదా, వెళ్లడం క్షేమమేనా? (హైదరాబాద్)

జవాబు: వచ్చింది. ట్రేసీ ఆర్మ్ అంటే ఎండికాట్ ఆర్మ్ పక్కనే ఉన్న ఇంకో ఫియర్డ్. 2025 ఆగస్టు 10 తెల్లవారుజామున దక్షిణ సాయర్ గ్లేసియర్ దగ్గర కొండచరియ విరిగి నీళ్లలో పడింది, ఎదుటి కొండ మీద నీళ్లు 450 మీటర్లకు పైగా ఎగబాకాయి. ప్రాణనష్టం లేదు, దూరంగా ఒక దీవిలో గుడారాలు వేసుకున్న కయాకర్ల (చిన్న తెడ్డు పడవల్లో తిరిగేవాళ్ల) సామాను మాత్రం కొట్టుకుపోయింది. అదే పట్టపగలు ఓడలున్న వేళ అయి ఉంటే? ఆలోచిస్తేనే టెన్షన్. మంచు వెనక్కి జరిగేకొద్దీ దానికి ఆనుకుని నిలబడ్డ కొండవాలుకి ఊతం పోతుంది, అదీ అసలు కారణం. 1958లో అలాస్కాలోనే లిటుయా బేలో ఇలాగే 524 మీటర్ల ఎత్తుకి ఎగసింది. కాబట్టి భయమే అక్కర్లేదని నేను చెప్పను. కొన్ని కంపెనీలు ఆ దారి మానేసి ఎండికాట్ ఆర్మ్‌కి వెళ్తున్నాయి, అదీ అలాంటి ఫియర్డే మరి. కెప్టెన్ "ఈ రోజు లోపలికి వెళ్లం" అంటే డబ్బులిచ్చాం కదా అని వాదించకండి.

ప్రశ్న: అంత డబ్బు పెట్టలేం. వేరే దారి? (డల్లాస్‌లో చదువుకుంటున్న విద్యార్థి)

జవాబు: ఉంది బాబూ. చిన్న ఓడలో వారం అంటే మనిషికి మామూలుగా 5 వేల డాలర్ల పైమాటే, విద్యార్థికి ఎందుకది? జూనోలో హాస్టల్ గది తీసుకో, అక్కణ్నుంచి ఎండికాట్ ఆర్మ్ దాకా వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే పడవలున్నాయి. ఊరి నుంచి ఊరికి రాష్ట్ర ప్రభుత్వ ఫెర్రీలు నడుస్తాయి, 1963 నుంచి, గదికి డబ్బు పెట్టలేనివాళ్లు డెక్ మీద స్లీపింగ్ బ్యాగ్ పరుచుకుని పడుకుంటారు.

కుదిరితే జూనోకి పడమరగా ఉన్న గ్లేసియర్ బే జాతీయ పార్కుకి వెళ్లు. 1794లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ వాంకూవర్ మనుషులు చూసినప్పుడు ఆ బే మొత్తం మంచే, ఇప్పుడు మంచు 100 కిలోమీటర్లు వెనక్కి పోయింది. అంతకుముందు ఆ మంచే ముందుకొచ్చి అక్కడి ఆదివాసులైన హునా ట్లింగిట్ ప్రజల ఊళ్లని తుడిచిపెడితే వాళ్లు లేచిపోవాల్సి వచ్చింది. 2016లో ఆ బేలోనే బార్ట్‌లెట్ కోవ్ అనే చోట వాళ్లు మళ్లీ తమ ఇల్లు కట్టుకున్నారు, దేవదారు పలకల గోడల మీద గోత్రాల బొమ్మలు. పడవకి టైమున్నా లేకపోయినా దాని లోపలికి వెళ్లు, చెప్పులు విప్పి.