పెంకు దించకురా అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి, మీ మావయ్య దీవెనలు.

పాతిల్లు పెంకు దించేసి స్లాబు వేయిద్దామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వద్దురా. ఆ గోడలు బంకమట్టితో ఇటుక పేర్చి సున్నం పూసినవి. దూలాలూ వాసాలూ కలుపుకున్నా పెంకు కప్పు చదరపు అడుగుకి 6, 7 కిలోలే తూగుతుంది. 5 అంగుళాల స్లాబైతే 28 కిలోలు. పైగా మన నల్లమట్టి ఎండకి బీటలిచ్చి వానకి ఉబ్బుతుంది. ఆ పాత పునాది అంత బరువు మోయదు.

రేకులంటావా, పశువుల పాక వరకూ సరే. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి మా పాక రేకులు కొబ్బరితోట దాటి పక్కవాళ్ళ చేలో దొరికాయి. హుక్కులు తుప్పు పట్టాయని అంతకుముందే తెలుసు, రేపు మాపు అంటూ గడిపేశాను. సిమెంటు రేకుకి తుప్పు బెడద లేదుగానీ, పాతవాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. మీ వంటపాక మీదవి పగలకుండా దింపించు.

పాతింటికి చెయ్యాల్సింది ఇది. వాసాలు గోడలో దిగినచోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. మెత్తగా దిగిందా, ఆ వాసం పోయినట్టే. నడిమధ్య గట్టిగా ఉందని మురిసిపోకు, చెమ్మా చెదలూ పట్టేది గోడలో దిగిన కొసలోనే. కొత్త పెంకు కొనేటప్పుడు ఒక్కొక్కటీ వేలితో కొట్టు, ఖంగుమనాలి. డొల్లగా మోగితే పక్కన పెట్టెయ్, కొట్టువాడు మొహం మాడ్చుకున్నా సరే. గాలి పెంకుని ఎత్తేది చూరు కిందనుంచి. అందుకే చూరు వరసల్లో, పెంకు అడుగున ముక్కుకి చిల్లు ఉన్నవి తీసుకుని రాగితీగతో రీపరుకి, అదే పెంకు ఆనే సన్న చెక్కకి, కట్టించు.

పక్క స్థలంలో కొత్తింటికి మాత్రం స్లాబే వెయ్యి. ఇసుక గోదావరిదే కావాలి. రొయ్యల చెరువు పక్క బోరు నీళ్ళతో సిమెంటు మాల్ కలపనివ్వకు, ఉప్పు స్లాబులోని ఇనప ఊచని లోపల్నుంచి తినేస్తుంది, కొన్నేళ్ళకే పెచ్చులూడతాయి. ఊచ అడుక్కి ఆనకుండా కింద పెట్టే సిమెంటు బిళ్ళలు, కవర్ బ్లాకులంటారు, అవి పెట్టారో లేదో నువ్వే నిచ్చెనెక్కి చూసుకో, మేస్త్రి "అన్నీ అయిపోయాయండి" అనే అంటాడు. వాలు 8 అడుగులకి అంగుళం చొప్పున ఉంటే నీళ్ళు నిలవవు. స్లాబు మీద మడులు కట్టి 14 రోజులు తడపాలి.

పెంకు పని దసరా లోపు తెమలాలి, తర్వాత తుపాన్ల రోజులు. మీ అమ్మ పడుకునే గదిలో ఈశాన్యం మూల కారుతోందట, అక్కడ్నుంచే మొదలుపెట్టించు. ఆదివారం నేనొస్తా. నిచ్చెన అడిగి తెచ్చి ఉంచు.