పాత వ్యాసాల హక్కులు అమ్మి నగలు విడిపించుకోవాలా?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. అనంతపురంలో ఉంటూ ఎనిమిదేళ్లుగా పత్రికలకూ, వంటల చానళ్లకూ, ఆహార ఉత్పత్తుల సంస్థలకూ స్వతంత్రంగా రాస్తున్నాను. ఉగ్గాని, జొన్న రొట్టె, రాగి సంగటి మొదలుకొని గుడి ప్రసాదాలు, పెళ్లి భోజనాలు, హోటళ్ల పరిచయాల దాకా అన్నీ నా విషయాలే. నిరుడు చేతికి 6,84,000 రూపాయలు వచ్చాయి. ఒక నెల 14,000 వస్తే మరో నెల 1,32,000 వచ్చాయి. ఇంటి ఖర్చులో నా వంతు నెలకు 26,000, ప్రయాణాలకూ దినుసులకూ 11,000, చీటీకి 5,000 అవుతుంది. అది లక్ష రూపాయల చీటీ. ఇంకా పాడుకోలేదు, ఎనిమిది నెలలు మిగిలి ఉంది. నగలు కుదువ పెట్టి తెచ్చిన 2,00,000 మీద నెలకు 2,000 వడ్డీ కడుతున్నాను. పొదుపు ఖాతాలో 70,000 ఉన్నాయి. కొన్ని సంస్థలు పన్ను కింద నిరుడు 41,000 కోసుకొని ఇచ్చాయి. నేను రిటర్ను వేయలేదు. ఇప్పుడొక ఇంటర్నెట్ సంస్థ నా పాత వ్యాసాలు 140 మీద సర్వహక్కులూ శాశ్వతంగా రాసిస్తే 2,25,000 ఇస్తామంటోంది. నగలు ఇంటికి వస్తాయని ఆశగా ఉంది. పాత వ్యాసాల పునర్ముద్రణ, అనువాదాల మీద నిరుడు 40,000 వచ్చాయి. ఇన్ని విషయాలు కాకుండా ఒక్క చిరుధాన్యాల మీదే రాయమని మిత్రులంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, హక్కులు అమ్మవద్దు. మీ నగలు ఏడాదిలో ఇంటికి వచ్చే దారి మీరు రాసిన అంకెల్లోనే ఉంది. అది చూపే ముందు ఆ సంస్థ అడుగుతున్నదేమిటో స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మీ ఆస్తిపాస్తుల్లో అన్నిటికన్నా విలువైనదాన్నే అది అడుగుతోంది.

ఉద్యోగంలో ఉండి రాసిన వ్యాసానికీ, మీలా స్వతంత్రంగా రాసిన వ్యాసానికీ 1957 నాటి కాపీరైట్ చట్టం తేడా చూపిస్తుంది. జీతం మీద పనిచేసే విలేకరి రాసినదాన్ని పత్రికలో ప్రచురించే హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికి చెందుతుంది. మీరు రాసిన వ్యాసానికి మాత్రం తొలి హక్కుదారు మీరే. మీ జీవితకాలమే కాక, ఆ తర్వాత 60 ఏళ్లు మీ వారసులకు కూడా ఆ హక్కు నిలుస్తుంది. హక్కును మరొకరికి బదలాయించాలంటే రాతపూర్వకమైన ఒప్పందం, దాని మీద మీ సంతకం ఉండాలి. ఆ రాతలో కాలపరిమితి చెప్పకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. ఇది రచయితలను కాపాడే మంచి నిబంధన. అయితే మీకు పంపిన ఒప్పందంలో ‘శాశ్వతంగా’ అన్న మాట ఉంది కనుక అయిదేళ్ల నిబంధన మిమ్మల్ని ఆదుకోదు. వంటకానికి కావలసిన దినుసుల జాబితా మీద ఎవరికీ హక్కు ఉండదు, కానీ మీరు వర్ణించిన తీరు, మీరు సేకరించి చెప్పిన ముచ్చట మీవే. ఆ సంస్థ కొనదలచింది కూడా దాన్నే.

ఇప్పుడు వెల చూద్దాం. 2,25,000ను 140తో భాగిస్తే ఒక్కో వ్యాసానికి సుమారు 1,607 రూపాయలు. మీ పాత వ్యాసాలు నిరుడు ఒక్క ఏడాదిలో 40,000 తెచ్చాయి. అదే వేగంతో సాగితే ఆరేళ్లు నిండకముందే ఆ మొత్తం మీకు వస్తుంది, హక్కులు మీ దగ్గరే ఉంటాయి. పైగా సర్వహక్కులూ రాసిస్తే ఆ వ్యాసాలతో రేపు మీరొక పుస్తకం వేసుకోవాలన్నా వాళ్ల అనుమతి అడగవలసి వస్తుంది. ఎనిమిదేళ్ల కృషిని ఆ స్థితికి తెచ్చుకోవడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

ఇక నగల సంగతి. మీ ఖర్చు నెలకు 26,000, 11,000, 5,000, 2,000 కలిపి 44,000. ఏడాదికి 5,28,000 అవుతుంది. చేతికొచ్చినది 6,84,000. అంటే 1,56,000 రూపాయలు, సగటున నెలకు 13,000, లెక్కకు దొరకకుండా పోయాయి. డబ్బు బాగా వచ్చిన నెలలో చేయి కాస్త వదులవుతుంది, రాని నెలలో అప్పు పుడుతుంది. స్వతంత్ర వృత్తుల్లో ఉన్న చాలామందికి ఎదురయ్యే ఇబ్బందే ఇది. దీనికి మందు మీకు మీరే జీతం ఇచ్చుకోవడం. రెండు ఖాతాలు పెట్టుకోండి. ఏ సంస్థ ఎంత పంపినా మొదటి ఖాతాలోకే రావాలి. ప్రతి నెల ఒకటో తేదీన అందులోంచి సరిగ్గా 44,000 రెండో ఖాతాకు పంపి, ఇల్లూ పనీ దాంతోనే నడపాలి. 1,32,000 వచ్చిన నెలైనా అంతే, 14,000 వచ్చిన నెలైనా అంతే.

మొదటి ఖాతాలో మూడు నెలల జీతానికి సరిపడా, అంటే 1,32,000, ఎప్పుడూ నిల్వ ఉండాలి. ఇప్పటికే 70,000 ఉన్నాయి కనుక నెలకు 13,000 చొప్పున అయిదు నెలల్లో ఆ నిల్వ పూర్తవుతుంది. ఆ తర్వాతి మూడు నెలల మిగులు 39,000 నగల అప్పుకు జమ చేయండి. ఎనిమిదో నెలలో చీటీ ముగుస్తుంది. అది చట్టప్రకారం నమోదైన చీటీ అయితే నిర్వాహకుల కమిషన్ 7 శాతం మించకూడదు కనుక మీకు కనీసం 93,000 రావాలి. నమోదైనదో కాదో ఈ వారంలోనే రసీదు పుస్తకం చూసి తెలుసుకోండి. ఆ రెండూ కలిపితే 1,32,000 తీరి, అప్పు 68,000కు దిగుతుంది. చీటీ కట్టనక్కర లేదు కనుక అక్కడి నుంచి నెలకు 18,000 మిగులుతాయి. నాలుగు నెలల్లో నగలు విడిపించుకోవచ్చు. తగ్గే వడ్డీని నేనిక్కడ లెక్కలోకి తీసుకోలేదు. బంగారు రుణాలకు చాలాచోట్ల ఏడాది గడువు ఉంటుంది కనుక మధ్యలో కొంత అసలు కట్టవచ్చో లేదో, తిరగరాయించుకోవలసిన తేదీ ఎప్పుడో రుణమిచ్చినవారిని అడిగి రాసిపెట్టుకోండి.

పన్నుగా కోసుకున్న 41,000 మీ డబ్బే. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో వృత్తి ఆదాయం 12 లక్షలు మించని వారికి రిబేటు పోను చెల్లించవలసిన పన్ను ఉండదు. అయినా ఒకే సంస్థ ఏడాదిలో వృత్తి రుసుముగా 50,000కు మించి ఇస్తే పది శాతం కోసి ప్రభుత్వానికి కడుతుంది. రిటర్ను వేస్తేనే అది వెనక్కి వస్తుంది, సాధారణంగా ఆలస్యపు రిటర్నుకు కూడా డిసెంబరు 31 దాటితే దారి మూసుకుపోతుంది. లెక్కలు అక్కర్లేకుండా రాబడిలో సగాన్నే ఆదాయంగా చూపే సౌకర్యం మీకూ ఉందని ఎవరైనా చెప్పవచ్చు. పాత ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ ఆ వీలును న్యాయవాదులు, వైద్యులు, ఇంజనీర్లు, సినిమా రచయితల వంటి కొన్ని వృత్తులకే ఇచ్చింది, పత్రికా వ్యాసకర్తల పేరు అందులో లేదు. అందువల్ల బస్సు టికెట్టు దగ్గర నుంచి దినుసుల బిల్లు దాకా దాచి, ఒక చార్టర్డ్ అకౌంటెంటు చేత రిటర్ను వేయించండి.

మీ మిత్రుల సలహా విషయంలో నేను మీ పక్షమే. అనేక రుచుల మీద ఉన్న ఆసక్తి మీ రాతకు ప్రాణం, దాన్ని కత్తిరించమని ఏ లెక్కా చెప్పదు. కానీ ఆ రాతల్లో నిలవ ఉండేవేవో, పాడయ్యేవేవో మీరు గుర్తించాలి. హోటల్ పరిచయం ధరలు మారేదాకానే పనికొస్తుంది. వంటవాడు మారితే అదీ ఉండదు. ఓళిగలు, ఉగాది పచ్చడి మీది వ్యాసం ఏటేటా పండుగతోపాటు తిరిగి వస్తుంది. జొన్న రొట్టె, కొర్రన్నం, ఊరుబిండి, సంగటి వంటివి బళ్లారి, పావగడ వైపు ఇళ్లలోనూ వండుకునేవే కనుక కన్నడ పత్రికలకు అనువాదంగా ఇవ్వడానికి అనంతపురంలో ఉన్న మీకంటే అనువైన రచయిత దొరకడం కష్టం. కడప కారం దోసె, బనగానపల్లె మామిడి వంటి ఊరి పేరుతో ముడిపడిన రుచులు కూడా నిలవ ఉండేవే. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కనుక దాని మీద రాసినది ప్రతి వేసవిలో అడిగేవాళ్లుంటారు. మీ 11,000లో 7,000 ఇలాంటి వాటికి కేటాయించి, 2,000 హోటళ్లకూ ఇతర పనులకూ, 2,000 ఎవరూ అడగకపోయినా మీ మనసు లాగిన వంటకాలకూ ఉంచుకోండి. చివరి 2,000ను వృథా అనుకోకండి. గుడి ప్రసాదాల మీద మీరు మొదట రాసిన వ్యాసాన్ని కూడా బహుశా ఎవరూ అడిగి ఉండరు.

కుటుంబమంతటికీ ఆరోగ్య బీమా లేకపోతే నిల్వ నిండేదాకా ఆగకుండా ఇప్పుడే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. నగలు వచ్చాక మిగిలే నెలకు 20,000లో సగం ప్రజా భవిష్య నిధికీ, సగం జాతీయ పెన్షన్ పథకానికీ పంపవచ్చు. మీ వృత్తిలో పింఛను ఇచ్చే యజమాని లేరు కనుక ఆ పని మీరే చేయాలి.

ఆ సంస్థకు కటువుగా జవాబివ్వనక్కర లేదు. వాళ్లకు మీ రాత నచ్చిందన్న సంగతి సంతోషకరమే. 140లో 40 వ్యాసాలు మీరే ఎంచి, తెలుగులో, ఇంటర్నెట్‌లో మాత్రమే, రెండేళ్ల పాటు, ఇతరులకూ ఇచ్చుకునే స్వేచ్ఛ మీకే ఉండేలా, వ్యాసానికి 1,500 చొప్పున 60,000కు వాడుకునే అనుమతి ఇస్తానని రాయండి. ప్రతి వ్యాసం మీదా మీ పేరు ఉండాలనీ, అనువాదం, పుస్తకం, వీడియో హక్కులు మీవేననీ అదే కాగితంలో ఉండాలి. వాళ్లు ఒప్పుకుంటే ఆ 60,000 మొదటి ఖాతాలో వేయండి; నిల్వ దాదాపు వెంటనే నిండి, నగలు మరో మూడు నెలలు ముందే వస్తాయి. ఒప్పుకోకపోతే పైన చెప్పిన లెక్క ప్రకారమే సాగండి.