పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: గ్రేట్ నికోబార్‌లో శాస్త్రినగర్ నిలుస్తుందా?

ప్రశ్న: మా మేనమామ సైన్యంలో పనిచేసి రిటైరయ్యాక, మాజీ సైనికులకు ప్రభుత్వం భూమి ఇస్తోందని తెలిసి 1970ల్లో గ్రేట్ నికోబార్ దీవికి వెళ్లి, శాస్త్రినగర్ అనే ఊళ్లో స్థిరపడ్డారు. 2004 సునామీలో ఇల్లు, తోటలో చాలా భాగం పోయాయి. మామయ్య కాలం చేశారు. ఇప్పుడు మా బావ ఆ దీవిలోనే ఉన్న కాంప్‌బెల్ బే పట్టణంలో ఉంటూ, మిగిలిన కొబ్బరి చెట్ల కోసం ఆ ఊరికి వెళ్లివస్తుంటాడు. అన్నీ వదిలేసి ఇక్కడికి వచ్చెయ్యమని ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోవడం లేదు. అంత మారుమూల పల్లెకు నిజంగా భవిష్యత్తు ఉందంటారా?
— ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: ఉందనే నా అభిప్రాయం. ఒక పల్లె బతకడానికి కావలసిన సారవంతమైన నేల, సమృద్ధిగా వాన, ఆ నేలతో యాభై ఏళ్ల పరిచయమున్న మనుషులు శాస్త్రినగర్ ప్రాంతంలో ఉన్నారు. కరువైనవి రెండే: నమ్ముకోదగిన రవాణా, ఎవరి భూమి ఎవరిదో, ఎంత మిగిలిందో తేల్చి చెప్పే పక్కా రికార్డు. ఈ రెండూ పాలకులు తలచుకుంటే సమకూరేవే గనుక, ఆ ఊరి బతుకు ప్రకృతి మీద కంటే పాలన మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.

మీ మేనమామ తరం అక్కడికి ఎందుకు వెళ్లిందో తెలిస్తే మీ బావ పట్టుదల మీకు అర్థమవుతుంది. గ్రేట్ నికోబార్ మన దేశపు దక్షిణపు కొస. దాని చివరనున్న ఇందిరా పాయింట్ నుంచి ఇండోనేషియా జలాలు 200 కిలోమీటర్ల లోపే ఉంటాయి. అలాంటి సరిహద్దు దీవి తూర్పు తీరంలో జనావాసం ఉండాలని ప్రభుత్వం తలపెట్టి, 1969 నుంచి 1980 వరకు దాదాపు 330 మాజీ సైనిక కుటుంబాలను తీసుకువెళ్లి స్థిరపరిచింది. పంజాబ్, మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు వంటి రాష్ట్రాల వారితో పాటు ఆంధ్రప్రదేశ్ వారూ వారిలో ఉన్నారు. ఒక్కో కుటుంబానికి సుమారు 11 ఎకరాల చొప్పున ఇచ్చారు. ఇచ్చినదంతా అడవే. చెట్టు కొట్టి, మోడు పెకలించి, కొబ్బరి, వక్క నాటి, కాపు వచ్చేదాకా ఏళ్ల తరబడి ఓపిక పట్టి ఆ కుటుంబాలు గోవింద్ నగర్, జోగిందర్ నగర్, విజయనగర్, లక్ష్మీనగర్, గాంధీనగర్, శాస్త్రినగర్ అనే ఊళ్లను నిలబెట్టాయి. కాంప్‌బెల్ బే నుంచి తీరం వెంట దక్షిణానికి వెళ్లే రోడ్డు మీద 35వ కిలోమీటరు దగ్గర ఉన్న శాస్త్రినగర్ ఆ వరుసలో చివరిది. ఆ ఊళ్లలో పంజాబీ ఇంటి పక్కన మరాఠీ ఇల్లు, దాని పక్కన తెలుగు ఇల్లు ఉంటాయి. వాళ్లను కలిపే భాష హిందీ. ఆ ఊళ్లలో పుట్టి పెరిగిన మీ బావకు టెక్కలి చుట్టాల ఊరే గాని సొంత ఊరు కాదు. ఈ మాట మీకు కష్టం కలిగించవచ్చు, అయినా చెప్పక తప్పదు.

2004 డిసెంబర్ 26న జరిగినది మనకు తెలిసిన ఉప్పెనల వంటిది కాదు. 1977లో దివిసీమను ముంచెత్తిన నీరు వెనక్కి తీసింది. చవుడు కడిగాక ఆ పొలాలు మళ్లీ పండాయి. గ్రేట్ నికోబార్‌లో 9.1 తీవ్రతతో వచ్చిన భూకంపానికి నేలే కుంగిపోయింది. ఇందిరా పాయింట్ దగ్గర 4 మీటర్లకు పైగా కుంగిందని లెక్కగట్టారు. 1972లో మొదలైన అక్కడి లైట్‌హౌస్ అంతకుముందు ఒడ్డున ఉండేది, ఆ తర్వాత దాని అడుగుభాగం సముద్రంలోకి వెళ్లింది. తీరానికి ఆనుకుని ఉన్న తోటలకూ అదే గతి పట్టింది. అల తిరిగి వెళ్లినా, కుంగిన నేల పైకి రాలేదు. కొత్తగా ఏర్పడిన ఒడ్డున తల తెగిన కొబ్బరి మోళ్లు ఉప్పునీటిలో ఏళ్ల తరబడి నిలబడే ఉన్నాయి. తీరపు రోడ్డు కొట్టుకుపోయింది. బతికినవారిని ముందు తాత్కాలిక గుడారాలకు, ఆ తర్వాత కాంప్‌బెల్ బే చుట్టుపక్కల కట్టిన ఇళ్లకు తరలించారు. ఇల్లు ఒకచోట, తోట ముప్పై కిలోమీటర్ల అవతల మరొకచోట ఉన్న బతుకు అప్పటి నుంచే మొదలైంది. మునిగిన భూమికి బదులు భూమి గాని, తగిన పరిహారం గాని ఇవ్వాలని సెటిలర్ల కుటుంబాలు ఆనాటి నుంచి అడుగుతూనే ఉన్నాయి.

ఇక ఆదాయం సంగతి. తోటకు దూరంగా కాపురం ఉంటే ఏమవుతుందో కొబ్బరి రైతుకు వేరే చెప్పనక్కరలేదు. నికోబార్‌లో పొడుగు తోక కోతులు ఉన్నాయి. సునామీ తీరపు అడవిని, అందులోని మొగలి జాతి చెట్లను తుడిచిపెట్టాక వాటికి తిండి కరువై తోటల మీద పడ్డాయి. లేత కాయలను తెంపి, కొరికి, సగం తాగి పడేస్తాయి. కాపలా మనిషి లేని తోటలో గెలకు నాలుగు కాయలు మిగిలినా గొప్పే. పైగా అక్కడ రెండు రుతుపవనాల వానలూ పడతాయి గనుక ఎండు కొబ్బరి చేయడానికి వరసగా ఎండ దొరకదు. పొగ మీదో, వేడి మీదో ఆరబెట్టాలి. సరిగా ఆరని కొబ్బరికి బూజు పడుతుంది, ధర పడిపోతుంది. ఇంత చేసి గోనె సంచుల్లో కాంప్‌బెల్ బే జెట్టీకి చేర్చిన సరుకు అక్కడి నుంచి 500 కిలోమీటర్లకు పైగా ఓడలో ప్రయాణించి, ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ చేరాలి. ఆ పైన చెన్నైకో, కోల్‌కతాకో మరో 1200 కిలోమీటర్లకు పైగా సముద్రం దాటాలి. నైరుతి రుతుపవనం ఉధృతంగా ఉన్న రోజుల్లో ఓడ రావడం ఆలస్యమైతే సరుకు జెట్టీలోనే ఉండిపోతుంది. అదే ఓడలో రావలసిన బియ్యం, ఉల్లిపాయలు, మందులు కూడా ఆగిపోతాయి. దళారి ఎంత తక్కువ చెప్పినా రైతు ఒప్పుకోవలసి వచ్చేది అలాంటప్పుడే.

అందుకే ఆ ఊరికి నేను మొదట కోరుకునేది పెద్ద పథకం కాదు. శాస్త్రినగర్ దాకా వానాకాలంలోనూ తెగని రోడ్డు, తేదీ తప్పని సరుకుల ఓడ, ఊళ్లోనే కొబ్బరి ఆరబెట్టి నూనె తీసే చిన్న యూనిట్ కావాలి. కాయకు బదులు నూనె పంపితే ఓడలో పట్టే చోటు తగ్గుతుంది, ధర పెరుగుతుంది. సహకార సంఘం పెట్టుకుని బేరం చేయగలిగితే దళారి మీద ఆధారపడటం తగ్గుతుంది. మాజీ సైనికుల కుటుంబాలకు కలిసికట్టుగా పనిచేసే అలవాటు ఉంది గనుక ఇది గాలిలో మేడ కాదు. కొన్ని మార్పులు వచ్చాయి కూడా. 2020 ఆగస్టులో ప్రారంభమైన చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ గ్రేట్ నికోబార్‌ను కూడా కలిపింది. అంతకుముందు ఉపగ్రహం మీదే ఆధారపడిన దీవిలో ఇప్పుడు పిల్లలు ఆన్‌లైన్‌లో చదువుకోవడానికి, రైతు ధర విచారించుకోవడానికి వీలు కలిగింది. ప్రాణం మీదికి వచ్చిన రోగిని మాత్రం ఇప్పటికీ హెలికాప్టర్‌లో పోర్ట్ బ్లెయిర్ తరలించాల్సిందే, అదీ వాతావరణం అనుకూలిస్తేనే. చదువుకున్న యువత ఊరు వదలడానికి ఈ భయం కూడా ఒక కారణం. ఊరు ఖాళీ అవుతోందని బాధపడేవారు ముందు ఆస్పత్రి గురించి ఆలోచించాలి.

మీ బావను వచ్చెయ్యమని అడగడం మానండి. దానికి బదులు, మీ మేనమామ పేరున ఉన్న కేటాయింపు పత్రం, సునామీ తర్వాత జరిగిన నష్టం అంచనా, పరిహారం అందిన రసీదులు, వారసత్వ ధ్రువీకరణ ఒకచోట చేర్చడంలో ఆయనకు సాయపడండి. పాత సైనిక రికార్డులు ఇక్కడి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా దొరికే అవకాశం ఉంటే ఆ పని మీరు చేయగలరు. వీటి అవసరం ఇప్పుడు ఎందుకు పెరిగిందో తర్వాతి ప్రశ్నకు ఇచ్చిన జవాబులో చూడండి.

ప్రశ్న: గ్రేట్ నికోబార్‌లో వేల కోట్లతో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కడతారట. మారుమూల దీవికి ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? అయినా స్థానికుల్లో కొందరు ఎందుకు భయపడుతున్నారు?
— ఒక డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ప్రాజెక్టుకు ఉన్న బలాన్ని ముందు ఒప్పుకుందాం. మలక్కా జలసంధికి వెళ్లే అంతర్జాతీయ నౌకామార్గం ఆ దీవికి సుమారు 40 నాటికల్ మైళ్ల దూరంలోనే ఉంది. దారిలో ఓడ మార్చవలసిన మన కంటైనర్లలో చాలా భాగం ఇప్పుడు కొలంబో, సింగపూర్ వంటి విదేశీ రేవుల్లో ఓడ మారుతున్నాయి గనుక, ఆ పని మన గడ్డ మీదే జరగాలన్న ఆలోచనలో అర్థం ఉంది. రక్షణ అవసరాలూ ఉన్నాయి. కాంప్‌బెల్ బేలో నౌకాదళ వైమానిక స్థావరం 2012 నుంచి పనిచేస్తోంది. దీవి దక్షిణ భాగంలోని గలథియా అఖాతంలో ఓడరేవు, దానితో పాటు విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్టణం కలిపి మొదట వేసిన అంచనా దాదాపు 72,000 కోట్ల రూపాయలు. 2022 నవంబర్‌లో పర్యావరణ అనుమతి వచ్చింది.

భయానికి ఉన్న కారణాలూ గట్టివే. ప్రాజెక్టుకు కావలసిన 166 చదరపు కిలోమీటర్లలో 130 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి. లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టే ముఖ్యమైన ఇసుక తీరాల్లో గలథియా ఒకటి. ఆ అఖాతానికి ఉన్న అభయారణ్య హోదాను 2021లో తొలగించారు. దీవి మొత్తం అత్యధిక భూకంప ప్రమాద మండలంలో ఉంది. నేల నాలుగు మీటర్లు కుంగిన చోటికి ఎంతో దూరం కాని ప్రదేశంలో రేవు కట్టేటప్పుడు 2004ను మరచిపోవడానికి వీల్లేదు.

మనుషుల సంగతి నా దృష్టిలో ఇంకా ముఖ్యం. అడవి లోపల వేటాడి, సేకరించి బతికే షోంపెన్ తెగవారు బయటి జనంతో కలవరు. వారికి కొత్త వ్యాధులే పెద్ద గండం. దక్షిణ, పశ్చిమ తీరాల్లోని నికోబారీ గిరిజనుల పూర్వపు గ్రామాలు సునామీలో పోయాయి. కాంప్‌బెల్ బే దగ్గర ఇళ్లు కట్టి ఇచ్చినా, తమ పాత ఊళ్లకు తిరిగి వెళ్లనివ్వమని వారు నేటికీ కోరుతున్నారు. అడవి భూమిని ప్రాజెక్టుకు మళ్లించడానికి మొదట సమ్మతి తెలిపిన వారి గిరిజన మండలి, విషయం పూర్తిగా చెప్పలేదంటూ 2022 నవంబర్‌లో దాన్ని వెనక్కి తీసుకుంది. సెటిలర్ల విషయానికి వస్తే, విమానాశ్రయానికి ఎంచుకున్న ప్రాంతంలో గాంధీనగర్, శాస్త్రినగర్ భూములే ఉన్నాయి. సునామీ మింగగా మిగిలినది ఇప్పుడు సేకరణలోకి వస్తుందన్నమాట. ఒకే తరంలో రెండుసార్లు ఇల్లు కదిలించవలసి వస్తున్న కుటుంబానికి అభివృద్ధి గురించి ఉపన్యాసం ఇచ్చే ముందు, పాత బాకీ తీర్చడం న్యాయం.

ఇప్పుడు సుమారు ఎనిమిది వేల జనాభా ఉన్న దీవిలో ముప్పై ఏళ్లలో మూడు లక్షలకు పైగా జనం ఉంటారని ప్రణాళికలోనే అంచనా వేశారు. అప్పుడు ఉద్యోగాలు వస్తాయి, నిజమే. క్రేన్ నడపడానికి, నౌకాయాన లెక్కలు చూడటానికి, విమానాశ్రయంలో పనిచేయడానికి కావలసిన శిక్షణ ఇప్పటి నుంచే కాంప్‌బెల్ బే పిల్లలకు ఇవ్వకపోతే ఆ ఉద్యోగాలు బయటి నుంచి వచ్చినవారికే దక్కుతాయి, దీవి పిల్లలకు కూలి పని మిగులుతుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సామాజిక ప్రభావ అంచనా, పునరావాసం తప్పనిసరి. అందులో భూమికి డబ్బుతో సరిపెట్టకుండా, కాపు కాసే చెట్టుకు చెట్టు లెక్కన విలువ కట్టి, బదులు భూమి చూపించాలన్నది నా అభిప్రాయం. కొబ్బరి తోటకు మళ్లీ కాపు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఏళ్ల ఆదాయం కూడా పరిహారంలో ఉండాలి.

ప్రశ్న: అండమాన్‌లో మన తెలుగువారు ఎంతమంది? గ్రేట్ నికోబార్‌లో ప్లాట్లు ఇప్పిస్తామని ఒకరు చెబుతున్నారు. కొనవచ్చా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల 3.8 లక్షల జనాభాలో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వారిలో అధికులు ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకు, కూలి పనులకు వెళ్లి పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల స్థిరపడినవారు. నికోబార్ దీవుల్లో తెలుగు కుటుంబాలు చాలా తక్కువ.

ప్లాట్ల మాట నమ్మవద్దు. ఆ దీవుల్లో భూమి వ్యవహారాలు 1966 నాటి భూమి రెవెన్యూ, భూసంస్కరణల రెగ్యులేషన్ కింద నడుస్తాయి. సెటిలర్లకు ఇచ్చిన భూముల బదిలీ మీద పరిమితులు ఉన్నాయి. దీవిలో ఎక్కువ భాగం గిరిజన రక్షిత ప్రాంతం. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ ప్రకారం అనుమతి లేకుండా అందులో అడుగు పెట్టడమే నేరం. విమానాశ్రయం వస్తోంది, ధరలు పెరుగుతాయని చెప్పి ఎవరైనా అడ్వాన్సు అడిగితే, ఆ సర్వే నంబరు పట్టుకుని కాంప్‌బెల్ బేలోని రెవెన్యూ అధికారులకు రాసి, రాతపూర్వకమైన జవాబు వచ్చేదాకా రూపాయి కూడా ఇవ్వవద్దు.