అమ్మ మంచం దిగనంటోంది

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. పడిపోయి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. ఇంటికొచ్చి నెల దాటింది. డాక్టర్ నడిపించమన్నారు. అమ్మేమో ‘మళ్లీ పడతాను, నన్నొదిలెయ్’ అంటోంది. అన్నీ మంచం దగ్గరికే అందిస్తున్నాను. గట్టిగా చెబితే ఏడుస్తోంది. తమ్ముడు ఫోన్లో ‘ఈ వయసులో ఇబ్బంది పెట్టకు’ అంటాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: డాక్టర్ మాటే వినండి. మీ తమ్ముడిది ప్రేమే, కాదనను. కానీ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లనే 10 రోజులు మంచం మీద ఉంచి చూస్తే, కాళ్ల కండ దాదాపు కిలో తగ్గినట్టు ఒక అధ్యయనంలో తేలింది. అమ్మగారికి నెల దాటింది.

ఆమెది మొండితనం కాదు, భయం. ‘భయపడకు’ అన్నంత మాత్రాన అది పోదు. ఆపరేషన్ కాలిపై ఎంత బరువు వేయొచ్చో డాక్టర్‌ని అడిగి, ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిపించండి. వాకర్ ఎత్తు చూడండి: నిలబడి చేతులు వదిలేస్తే పిడి మణికట్టు దగ్గరకు రావాలి. మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టి, కళ్లు తిరగడం లేదన్నాకే లేవమనండి. మొదట్లో చేతులున్న కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నా చాలు. మీరు ఆపరేషన్ కాలు వైపు, కాస్త వెనగ్గా నిలబడండి. రెక్కలు పట్టి లాగొద్దు.

నొచ్చుకోనంటే ఒక మాట. మంచినీళ్లు చేతికందించడం మానేయండి. తల ఆమే దువ్వుకోవాలి, భోజనం కుర్చీలోనే చెయ్యాలి. అరగంట పడితే పట్టనివ్వండి.

ఆమెకేం కావాలో కూడా అడగండి. ఒకరి సాయం లేకుండా బాత్రూంకి వెళ్లగలిగితే చాలనుకునే పెద్దవాళ్లు ఎందరో, పిల్లలతో చెప్పుకోలేరు. అదే అయితే అక్కడ గోడకు పట్టుకునే కడ్డీ, కమోడ్‌పై ఎత్తు పెంచే సీటు, రాత్రి దారిలో చిన్న లైటు పెట్టించండి.

నొప్పి ఉందేమో కనుక్కోండి. నిద్రమాత్రలు వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, వాటితో తూలి పడే ముప్పు పెరుగుతుంది. ఆకలి, నిద్ర పోయి రెండు వారాలుగా దిగులుగానే ఉంటే డిప్రెషన్ కావచ్చు, చికిత్స ఉంది. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

తమ్ముడికీ ఓ పని చెప్పండి. ఫిజియో వచ్చే వేళకు వీడియో కాల్ చేసి, వ్యాయామం అయ్యేదాకా అమ్మతో కబుర్లు చెప్పమనండి. వీలైనప్పుడు వచ్చి నాలుగు రోజులు ఉండమనండి, మీకూ కంటి నిండా నిద్ర కావాలి కదా.