గోడలో చెమ్మ, డల్లాస్ చలి, మోరీ పక్క నల్లా: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ. ఇల్లు కట్టి ఎనిమిదేళ్లయింది. బాత్రూం వెనక గోడకు ఏడాదిగా చెమ్మ, రంగు పెచ్చులుగా ఊడుతోంది. ప్లంబర్ వచ్చినప్పుడల్లా నల్లా చుట్టూ ఎంసీల్ (లీకు మూసే ముద్ద) పెట్టి పోతాడు, నెల తిరక్కుండా మళ్లీ మొదలు. ఇప్పుడు టైల్స్ మొత్తం పగలగొట్టాలంటున్నాడు. పగలగొట్టించాలా?

జవాబు: ఇప్పుడే వద్దక్కా. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలకుండా టైల్స్ మీద సుత్తి పడనీయొద్దు. రాత్రి పడుకునే ముందు నల్లాలన్నీ కట్టేసి, ఫ్లష్ ట్యాంకు కింద ఉండే చిన్న వాల్వ్ కూడా తిప్పేసి, మోటార్ ఆఫ్ చేసి, డాబా మీద ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో గుర్తు పెట్టుకోండి. తెల్లారేసరికి మట్టం దిగితే పైపే కారుతోంది. మరుసటి రాత్రి ట్యాంకు దగ్గర బాత్రూంకు దిగే లైను వాల్వ్ కట్టేసి మళ్లీ చూడండి, ఈసారి దిగకపోతే లీకు ఆ లైన్లోనే ఉన్నట్టు. అసలు మొదటి రాత్రే మట్టం దిగలేదా, అయితే తప్పు నల్లా పైపుది కాకపోవచ్చు. స్నానం చేసిన నీళ్లు టైల్స్ సందుల్లోంచో, కింద జాలీ దగ్గరి నుంచో గోడలోకి పోతున్నాయేమో చూడాలి. దానికి పైపు మార్చి లాభం లేదు.

పైపే అని తేలినా ముందు చూడాల్సింది నల్లా గోడలోకి వెళ్లే జాయింటు. చాలా ఇళ్లలో కారేది అక్కడే. నల్లా విప్పి, పాత టేపు పూర్తిగా గీకేసి, మర బిగుసుకునే వైపుకే కొత్త టెఫ్లాన్ టేపు ఎనిమిది, పది చుట్లు చుట్టి బిగించాలి. బలమంతా పెట్టి తిప్పితే లోపలి ప్లాస్టిక్ ఎల్బో (పైపు మలుపు ముక్క) చిట్లుతుంది, అప్పుడు నిజంగానే టైల్ తీయాల్సి వస్తుంది. ఎంసీల్ ఎందుకు నిలవడం లేదంటే, తడి మీద అది సరిగా పట్టదు, పైగా లోపలి నుంచి నీళ్ల ప్రెషర్ నెడుతూనే ఉంటుంది. పగిలిన ముక్కను కోసి కొత్తది వేయడమే రిపేరు. గీజర్ లైను సీపీవీసీ (వేడి నీళ్లకు వేసే ప్లాస్టిక్ పైపు) అయితే, అతికించడానికి సీపీవీసీ సొల్యూషనే వాడమనండి. అతికించాక కనీసం ఒక రాత్రి నీళ్లు వదలకుండా ఆరనివ్వాలి, సాయంత్రానికే నల్లా తిప్పి చూస్తామంటే కుదరదు. ఇంకో మాట, ఆ చెమ్మ గోడకు స్విచ్ బోర్డు ఉంటే ఈ పని అయ్యేవరకు మీటర్ బోర్డులో దాని ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) దించేయండి. తడి చేత్తో ఎవరూ ముట్టుకోవద్దు, ముఖ్యంగా పిల్లలు.

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు డల్లాస్‌లో ఇల్లు కొన్నారు. సంక్రాంతికి మహబూబ్‌నగర్ వస్తున్నారు, అక్కడ నెల రోజులు తాళమే. చలికి పైపులు పగులుతాయని టెన్షన్ పడుతున్నారు. అదీ మనలాగే ఎండల ఊరు కదా, నిజంగా అంత ప్రమాదమా?

జవాబు: ఎండల ఊరు కాబట్టే ప్రమాదం సార్. ఎప్పుడూ మంచు పడే ఊళ్లలో పైపులను చలి తగలని చోట వేస్తారు, టెక్సస్‌లో చాలా ఇళ్లకు పైకప్పు కింది అటకలో, బయటి గోడల్లో వేశారు. 2021 ఫిబ్రవరిలో డల్లాస్‌లో చలి మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది, దానికి తోడు కరెంటు పోయి హీటర్లు ఆగాయి, ఎన్నో ఇళ్లలో పైపులు పగిలి సీలింగులు కూలాయి.

నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. పైపు పగిలేది చాలాసార్లు ఆ గడ్డ కట్టిన చోట కాదు. గడ్డకు, కట్టేసిన నల్లాకు మధ్య చిక్కుకున్న నీళ్లకు పోయే దారి లేక ప్రెషర్ పెరిగిపోయి, బలహీనంగా ఉన్న చోట చీలుతుంది. మంచు కరిగాక గానీ కారడం బయటపడదు, అప్పటికి ఇంట్లో ఎవరూ ఉండరు. అందుకే బయల్దేరే రోజు మెయిన్ వాల్వ్ కట్టేసి, ఇంట్లో నల్లాలన్నీ తిప్పి పైపుల్లో ఉన్న నీళ్లను పోనివ్వమనండి. కరెంటు ఆదా అని హీటర్ పూర్తిగా ఆపొద్దు, 55 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 13 డిగ్రీలకు తగ్గకుండా పెట్టి రావాలి. తోట పైపు విప్పేసి, బయటి నల్లాకు ఫోమ్ తొడుగు వేయాలి. తాళంచెవి పక్కింటి తెలుగువాళ్లకు ఇచ్చి వస్తే ఇంకా మంచిది.

ఇంట్లో ఉన్నప్పుడు గట్టి చలి వస్తే నల్లాను సన్నటి ధారగా వదలాలి, వంటింటి సింకు కింద తలుపులు తెరిచి ఉంచితే గది వేడి పైపుకు తగులుతుంది. గడ్డకట్టిందని తెలిస్తే ముందు నల్లా తిప్పి ఉంచి, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో నల్లా వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి వేడి చేసుకుంటూ పోవాలి. మంట మాత్రం పెట్టొద్దు, ఇల్లు అంటుకుంటుంది.

ప్రశ్న: దేవరకొండ. డాబా మీద పీవీసీ పైపులు రెండేళ్లకే పెళుసుగా అయి విరుగుతున్నాయి.

జవాబు: ఎండే కారణం. ఎండకు నిలిచే యూపీవీసీ వేయించి, మీద తెల్ల రంగు పూయండి, లేదా గోనెపట్టా చుట్టండి. మే నెలలో నీళ్లు మరీ సలసల కాగకుండా కూడా ఉంటాయి.

ప్రశ్న: కల్వకుర్తి నుంచి. మా నల్లా పైపు మోరీ కింది నుంచి వస్తుంది, జాయింటు దగ్గర కొద్దిగా కారుతోంది. నీళ్లు రోజు విడిచి రోజు గంటసేపే వస్తాయి, పోయేది కొంచెమే కదా అని వదిలేశాం. పర్వాలేదా?

జవాబు: వదిలేయొద్దు, ఈ వారంలోనే చేయించండి. నీళ్లు వచ్చే గంటసేపు ఆ సందులోంచి బయటికి కారతాయి. సప్లై ఆగగానే పైపు ఖాళీ అవుతూ అదే సందులోంచి మోరీ నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదట మీ బిందెలోకి వచ్చేవి అవే, విరేచనాలు, కామెర్లు ఇలాగే వస్తాయి. బాగయ్యేవరకు మొదటి నీళ్లను పారబోసి, తర్వాతి నీళ్లనే పట్టి, బాగా మరిగించి తాగండి. పని చేయించేటప్పుడు మోరీ దాటే చోట జాయింటు లేకుండా ఒకటే పైపు, దాన్ని ఇంకో పెద్ద పైపులోంచి దూర్చి వేయమనండి. వీలైతే మోరీ కిందుగా కాకుండా పైనుంచి తెప్పించుకోండి.